మూడో కప్పు తాగని మనిషి

పక్క దేశంతో సరిహద్దు మళ్లీ తెరిచిన ఆ ఏడాది మా ఊరు అదిగ్రాత్‌లో ఉల్లిపాయలు దొరకలేదు. అవతలి నుంచి వచ్చినవాళ్లు బస్తాలకు బస్తాలు కొనుక్కుపోయారు. ఉల్లిపాయలు, జొన్నలు, నూనె డబ్బాలు, సిమెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, ఏది కనిపిస్తే అది బస్సు నెత్తిన కట్టుకున్నారు. ఇరవై ఏళ్లుగా చూడని చుట్టాలను రోడ్డు మీదే కావలించుకుని ఏడ్చేవాళ్లు. ఏడుపు అయ్యాక ఆకలేసేది. అప్పుడు మా హోటల్‌కు వచ్చేవాళ్లు.

సరిహద్దు ఊరు జలంబెస్సాకు వెళ్లే రోడ్డు మీదే మా హోటల్. ముందు గదిలో మా ఆయన తెక్లాయ్ మాంసం కొట్టు. ఆయన మొద్దు, కత్తులు, కొక్కేలు అన్నీ అక్కడే. లోపలి హాలు నాది. తిహ్లో చేస్తాను. వేయించిన బార్లీ పిండిని గట్టిగా పిసికి, చిన్న చిన్న ఉండలు చుట్టి పళ్లెం అంచు వెంట పేర్చి, మధ్యలో కారం కారంగా మాంసం పులుసు గిన్నె పెడతాను. రెండు కొనల పుల్లతో ఉండను గుచ్చి, పులుసులో ముంచుకుని తినాలి. ఒక్కో పళ్లెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. భోజనం అయ్యాక హాలు మూల నా కుంపటి దగ్గరకు జరుగుతారు, కాఫీకి.

అవతలి జనాన్ని మా దగ్గరకు తెచ్చేది దెస్బెలె. సరిహద్దు అవతల సెనాఫె వాడు. సరిహద్దు తెరిచిన వారానికే ఎక్కడి నుంచో ఒక పాత మినీబస్సు సంపాదించాడు. ప్రతి సోమవారం, సంత రోజున, తలుపు దగ్గరి నుంచే అరుచుకుంటూ వచ్చేవాడు.

“అల్గానెష్ అక్కా, బస్సు నిండా ఆకలిని తెచ్చాను. నన్ను మాత్రం మనిషిగా లెక్కపెట్టకు. ఏదో పళ్లెం అంచున కూర్చుంటాను.”

“అంచున కూర్చున్నవాడే కదా మధ్యలో మాంసం అంతా ఖాళీ చేసేది.”

“అది నా తప్పు కాదక్కా. బావ కోసిన మాంసం తప్పు.”

జనం నవ్వేవాళ్లు. ఇరవై ఏళ్లు వాళ్లు అక్కడ, మేం ఇక్కడ. మాట ఒకటే, తిండి ఒకటే, మొక్కే దేవుడూ ఒకడే. మధ్యలో ఏమిటి వచ్చి కూర్చుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పెద్దవాళ్లకు అర్థమై ఉంటుంది. వాళ్లను అడిగే అవకాశం నాలాంటివాళ్లకు రాదు.

ఆ రోజుల్లో ఊరంతా సంబరంగా ఉంటే నా మనసు మాత్రం ఒక్కచోట నిలిచేది కాదు. ఎందుకో చెప్పాలి.

యుద్ధానికి ముందు తెక్లాయ్ సెనాఫెలో మాంసం కొట్టు నడిపేవాడు. అక్కడే అక్బెరెత్ అనే అమ్మాయిని చేసుకున్నాడు. చర్చిలో, ఇద్దరూ కలిసి కుర్బాన్ తీసుకుని చేసుకున్న పెళ్లి. ప్రభువు శరీరం నోట్లో పెట్టుకుని చేసుకున్న ఆ పెళ్లిని చావు తప్ప మరేదీ విప్పదు. యుద్ధం వచ్చింది. అక్కడున్న ఇటువాళ్లను, ఈయనతో సహా, ఇటు తోలేశారు. అక్బెరెత్ అప్పుడు పల్లెలో తల్లి దగ్గర ఉంది. మధ్యలో దారి మూసుకుపోయింది. ఉత్తరం లేదు, ఫోను లేదు. ఆయన కొన్నేళ్లు చూశాడు. తర్వాత పెద్దలు కూర్చుని నన్ను ఇచ్చి చేశారు. ఇంట్లో, పెద్దల మాట మీద చేసిన పెళ్లి. చర్చి మెట్లు ఎక్కలేదు. తెలిసే ఒప్పుకున్నాను. ఆయన మంచివాడు. మాకు ఇద్దరు పిల్లలు, మెకెలె పట్నంలో హాస్టల్లో చదువుతున్నారు.

వయసులో ఉన్నప్పుడు అదేమంత బాధ అనిపించలేదు. కానీ మా వయసు వచ్చేసరికి మావైపు ఆలుమగలు చర్చికి వెళ్లి కలిసి కుర్బాన్ తీసుకుంటారు. నా ఈడు ఆడవాళ్లు ఒక్కొక్కరే తెల్ల బట్టలు కట్టుకుని, భర్తల పక్కన చెప్పులు విడిచి లోపలికి వెళుతుంటే నేను ఆవరణలో గోడ దగ్గర నిలబడేదాన్ని. లోపల గంట మోగేది. ప్రభువు అక్కడ, నేను ఇక్కడ. ఆ గోడ రాయి మీద నా చెయ్యి పడి పడి నునుపు తేలింది.

మా ఇంటి ఆత్మ తండ్రి కెషి వొల్దు. మా పాపాలు వినేదీ, మా ఇంటి మీద తీర్థం చల్లేదీ ఆయనే. ఎప్పుడడిగినా ఒకటే చెప్పేవాడు.

“ఆమె ఉందా, పోయిందా తెలియాలి తల్లీ. పోయిందని తెలిస్తే మీ ఇద్దరినీ నేనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళతాను. ఉందని తెలిస్తే, అతను ఆమెవాడు. నేనేం చెయ్యగలను?”

అందుకని నేను రోజూ “తెలియాలి ప్రభూ, తెలియాలి” అని ప్రార్థించేదాన్ని. ఏం తెలియాలమ్మా అని ప్రభువు తిరిగి అడిగితే ఏమని చెప్పను? ఆ ప్రార్థన లోపల ఏముందో ఆయనకు తెలియకుండా ఉంటుందా?

బార్లీ కోతలు మొదలైన రోజులు. ఒక సోమవారం దెస్బెలె బస్సులోంచి ఒక సన్నటి ఆవిడ దిగింది. తల మీదుగా తెల్ల పైబట్ట కప్పుకుని ఉంది. అందరూ గోడవార బల్లల కోసం తోసుకుంటుంటే ఆవిడ మాత్రం మాంసం కొట్టు కనిపించేలా ఎదురుగా ఒక పీట లాక్కుని కూర్చుంది. పక్కవాళ్ల పళ్లెంలోనే తింది, కొంచెం. కాఫీకి మాత్రం అందరికంటే ముందు నా కుంపటి దగ్గరకు వచ్చింది.

గింజలు వేయించి ఆ పొగ అందరి ముందుకూ తిప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని పొగను చేత్తో తన వైపు లాక్కుంది.

“అల్లం వేస్తావా తల్లీ?” అంది.

“వేస్తాను. మా ఇంట్లో అల్లం లేకపోతే తాగరు.”

“ఎవరు?”

“మా ఆయన.”

మొదటి కప్పు తాగింది. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి కాచిన రెండో కప్పూ తాగింది. మూడోసారి మట్టి కూజాను కుంపటి మీద పెట్టగానే లేచింది. మూడో కప్పును బెరెకా అంటాం. అంటే దీవెన. పలచగా ఉన్నా, రుచి లేకపోయినా, అది తాగకుండా ఎవరూ లేవరు.

“ఏమమ్మా, దీవెన వద్దా?” అన్నాడు దెస్బెలె. “దీవెన లేకుండా బస్సెక్కితే టైరు పేలిపోతుంది. నా టైర్లు అసలే అంతంత మాత్రం.”

“దీవెన వచ్చేసారికి ఉంచండి,” అని ఆవిడ నవ్వింది. వెళుతూ కొట్టు దగ్గర ఆగింది. “సోమవారం ఉండడా ఈ మనిషి?”

“పశువుల సంతకు వెళతాడు. సాయంత్రం గాని రాడు.”

“ఎడమచేతి మనిషి,” అంది.

కత్తులన్నీ మొద్దుకు ఎడమవైపు వేలాడుతున్నాయి. వాటిని చూసి ఆ మాట ఎవరైనా అనొచ్చు. కానీ ఆవిడ కత్తుల కేసి చూడలేదు. మొద్దు వెనక, మనిషి నిలబడే ఖాళీ జాగా కేసి చూస్తూ అంది.

తర్వాతి సోమవారం మళ్లీ వచ్చింది. అదే పీట, అవే రెండు కప్పులు. ఆవిడ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు దెస్బెలెను అడిగాను.

“ఎవరు తమ్ముడూ ఆవిడ?”

“అక్బెరెత్ అని, సెనాఫె దగ్గర పల్లె. పాపం, యుద్ధంలోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. మళ్లీ చేసుకోలేదు. ఇక్కడికి ఏం కొనడానికి వస్తుందో నాకూ అర్థం కావడం లేదక్కా. వట్టి చేతులతో వస్తుంది, వట్టి చేతులతో వెళుతుంది.”

ఆవిడ పెరట్లోంచి వచ్చి కూర్చుంది. నేను ఆవిడకు పేలాలు వడ్డించాను.

ఆ సాయంత్రం తెక్లాయ్ కొట్టు ముందు కూర్చుని కత్తులు కడుక్కుంటున్నాడు. నేను గడపలో కూర్చున్నాను.

“ఆవిడ వచ్చిందయ్యా,” అన్నాను.

“ఎవరు?”

“నువ్వు ఎవరనుకుంటున్నావో ఆవిడే.”

ఆయన చేతిలో ఉన్న కత్తి అప్పటికే కడిగింది. దాన్నే మళ్లీ కడిగాడు. తుడిచాడు. మళ్లీ నీళ్లలో పెట్టాడు.

“ఎలా ఉంది?”

“సన్నగా ఉంది. జుట్టు నెరిసింది.”

“సన్నగానే ఉండేది,” అన్నాడు. కాసేపటికి, “పిల్లలా?” అన్నాడు.

“లేరు. మళ్లీ చేసుకోలేదట. నువ్వు పోయావనుకుంటున్నారు అక్కడ.”

రోడ్డు మీద ఎవరో గాడిదలను తోలుకుపోతున్నారు. అవి పోయేదాకా ఆయన చూశాడు.

“వచ్చే సోమవారం సంతకు వెళ్లకు,” అన్నాను.

“ఎద్దులు సోమవారమే వస్తాయి అల్గా.”

“ఒక వారం గొర్రె కొయ్యి.”

“క్రిస్మస్ ఉపవాసాలు దగ్గరకొచ్చాయి. నలభై రోజులు ముక్క ముట్టరని జనం ముందే తినిపోతారు. ఎద్దు లేకపోతే ఎలా?”

అలాగే వెళ్లాడు. ఆవిడ వచ్చింది, బస్సు బయలుదేరేదాకా కూర్చుంది, వెళ్లింది. బస్సు మలుపు తిరిగాక ఆయన వచ్చాడు, ఎద్దు లేకుండా. సంతలో మంచి ఎద్దు ఒక్కటీ లేదన్నాడు. అవతలి వీధి మాంసం కొట్టువాడు మర్నాడు నాతో చెప్పాడు, అంత మంచి సంత ఈ ఏడాదిలో చూడలేదని. ఆ పూట ఆయన ఎక్కడ కూర్చున్నాడో నేను అడగలేదు. ఆయన భయపడ్డాడని కోపం వచ్చింది. భయపడ్డాడు కాబట్టే కొంచెం ఊరట కూడా కలిగింది. రెండూ ఒకే గుండెలో ఎలా పడతాయో!

ఉపవాసాలకు ముందు ఆఖరి సోమవారం. హాలు కిటకిటలాడుతోంది. ఆవిడ పీట మీద కూర్చుని ఉంది. నేను బార్లీ ఉండలు చుడుతున్నాను. మధ్యాహ్నం పూట గుమ్మంలో వెలుతురు తగ్గింది. తల ఎత్తాను. తెక్లాయ్. చేతిలో ఎద్దును కట్టే తాడు. తాడుకు ఎద్దు లేదు.

ఆవిడ లేచి నిలబడింది.

ఇరవై ఏళ్ల తర్వాత కలిసినా మా పలకరింపుల వరస తప్పదు.

“ఎలా ఉన్నావు?” అన్నాడాయన.

“దేవుడి దయ. నువ్వెలా ఉన్నావు?”

“దేవుడి దయ. అమ్మ ఎలా ఉంది?”

“పోయింది. నిద్రలోనే. మీ అమ్మ?”

“మా అమ్మ కూడా. పశువులు ఎలా ఉన్నాయి?”

“ఒక్క ఆవు. బాగుంది. వానలు పడ్డాయా మీకు?”

“పడ్డాయి. బార్లీ బాగా వచ్చింది. మీకు?”

“దేవుడి దయ.”

ఇంకా అడగడానికి ఏమీ మిగలనిదాకా ఒకరినొకరు అడిగారు. ఇద్దరూ నిలబడే ఉన్నారు. దెస్బెలె నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మిగతావాళ్లు ఎవరి పళ్లేల్లోకి వాళ్లు చూసుకుంటున్నారు.

నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. తెలియనప్పుడు రోజూ చేసే పనే చేస్తాను. చెంబు, పళ్లెం పట్టుకెళ్లి ఇద్దరి చేతుల మీదా నీళ్లు పోశాను. ముందు ఆవిడకు, తర్వాత ఆయనకు. ఒక పళ్లెం సిద్ధం చేసి మధ్యలో పెట్టాను. నేనూ కూర్చున్నాను. ముగ్గురికి ఒకటే పళ్లెం.

ఎవరూ పుల్ల ముట్టలేదు. చివరికి ఆవిడే అంది.

“నీ తెజ్కార్ పెట్టాం, తెలుసా?”

తెజ్కార్ అంటే మనిషి పోయిన నలభయ్యో రోజున పూజారులకూ ఊరికీ పెట్టే భోజనాలు.

“ఎవరు చెప్పారు నేను పోయానని?”

“జలంబెస్సా దగ్గర రోడ్డు పక్కన నీ శవాన్ని చూశానని ఒకడు వచ్చి చెప్పాడు. చొక్కా కూడా చెప్పాడు. నేను కుట్టిన నీలం చొక్కా అని.”

“ఆ చొక్కా చలికి వణుకుతున్నవాడు ఎవడికో ఇచ్చేశాను దారిలో,” అన్నాడు తెక్లాయ్. “పాపం వాడు.”

అలా ఒక పేరు తెలియని మనిషికి నా భర్త పేరు మీద కర్మ జరిగింది. అతని ఇంట్లోవాళ్లు ఇంకా ఎదురుచూస్తూ ఉంటారా? ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

“ఇంతకీ ఏం కోశారు?” అన్నాడు తెక్లాయ్.

“రెండు గొర్రెలు.”

“గొర్రెలా? నాకా?”

“యుద్ధం రోజులు. ఎద్దు ఎక్కడి నుంచి తేను?”

“ఎవరు కోశారు?”

“మా బావ.”

“గెబ్రాయా? వాడికి తొడ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఎముక పొడి పొడి చేసి ఉంటాడు.”

“చేశాడు. పూజారి గొంతులో ఎముక ఇరుక్కుంది. నీకోసం ప్రార్థన సగంలో ఆపేసి దగ్గాడు.”

“అందుకే నేను సగమే పోయాను,” అన్నాడాయన.

ఆవిడ నవ్వింది. నవ్వుతూ పైబట్ట అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగిపోయాక కూడా బట్ట తియ్యలేదు.

“ఊరంతా తిన్నారు,” అంది. “బావుందన్నారు. నువ్వే లేవు. నీకు పెట్టలేదన్న బాధ నన్ను వదల్లేదు. చచ్చినవాడికి ఎలా పెడతావే అనేది అమ్మ.”

అని ఒక ఉండను పుల్లకు గుచ్చి, పులుసులో ముంచి, ఆయన నోటి దాకా తెచ్చింది. మనిషికి నోట్లో ముద్ద పెట్టడం మాకు మర్యాద. చుట్టానికి పెడతాం, అతిథికి పెడతాం, గొడవపడి రాజీ అయినవాడికీ పెడతాం. కాదనకూడదు. తెక్లాయ్ ఆ ముద్ద కేసి చూడలేదు. నా కేసి చూశాడు.

పులుసు చుక్క బల్ల మీద పడింది.

“తీసుకోవయ్యా, అక్క చెయ్యి నొప్పి పుడుతుంది,” అన్నాను.

తీసుకున్నాడు. ఒక్క ముద్దతో ఆపకూడదు, అదీ మర్యాదే. రెండోది ముంచి ఆవిడ నా వైపు తిప్పింది. నేను నోరు తెరిచాను. అంత కారం నేనే వేశానా అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ కారమే అనుకుని ఉంటారు.

కాఫీకి కూర్చున్నాం. మొదటి కప్పు ముగ్గురం తాగాం. అల్లం ఎక్కువైందని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ తర్వాత తెక్లాయ్ లేచాడు. ఆవిడకు మాంసం పొట్లం కట్టిస్తానని కొట్టులోకి వెళ్లాడు. కొక్కేనికి ఉన్నదాంట్లో నడుము మాంసం ఒక్కటే మంచిది. దాన్ని దించి, మొద్దు మీద పెట్టి, ఒక్కొక్క పొరా విడదీస్తూ కోస్తున్నాడు. అంత నెమ్మదిగా ఆయన కొయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ రెండో కప్పు చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చుంది.

“చేతివాటం మారలేదు,” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “చెల్లీ, నువ్వు కుర్బాన్ తీసుకుంటావా?”

ఆ ప్రశ్న అడుగుతుందని అనుకోలేదు. “లేదక్కా. ఎలా తీసుకుంటాను?”

“నేను తీసుకుంటాను. విధవను కదా.” కప్పులోకి చూస్తూ అంది. “ఏటేటా ఆయన పేరు పోయినవాళ్లలో చదివించాను. ఇప్పుడు వెళ్లి ఏమని చెప్పను? మా పూజారి ముసలాడు. తెజ్కార్ తిన్నది ఆయనే. చెపితే గుండె ఆగిపోతుంది.”

“నువ్వు ఆయన్ని అడగొచ్చక్కా,” అన్నాను. “న్యాయంగా ఆయన నీవాడు.”

“ఇద్దరు పిల్లల తండ్రిని తీసుకెళ్లి నేనేం చేసుకోను? నా ఒక్క ఆవును చూపించనా?” అంది. ఆ వెక్కిరింత నన్నో, తననో తెలియలేదు. “చూడు చెల్లీ. ఇన్నేళ్లు నేను ఆయన్ని పోయాడని చెప్పుకున్నాను. మీ ఆత్మ తండ్రికి నువ్వూ చెప్పు. అక్బెరెత్ పోయింది, అవతలి నుంచి కబురొచ్చింది అని. ఎవరొచ్చి కాదంటారు? నేను అనను. ఆయనకు చేసినదానికి అది సరికి సరి. నువ్వు లోపలికి వెళ్లు.”

“నువ్వు తెలియక చెప్పావక్కా.”

“దేవుడికి ఆ తేడా ఉంటుందంటావా?”

ఇన్నేళ్లుగా నేను అడిగింది దేవుడు పళ్లెంలో పెట్టి ఇచ్చాడు. ఇచ్చినావిడ నా ఎదురుగా కూర్చుని నా కాఫీ తాగుతోంది.

మూడోసారి కూజా కుంపటి మీద పెట్టాను. బయట దెస్బెలె హారన్ కొట్టాడు. చీకటి పడేలోగా దాటాలి. ఆవిడ లేచింది.

“ఈ ఒక్కటీ తాగి వెళ్లక్కా. పొంగుతోంది.”

“క్రిస్మస్‌కు వస్తాను. ఉపవాసాలు విడిచి ఇక్కడే తింటాను. అప్పుడు తాగుతాను,” అంది. తెక్లాయ్ పొట్లం అందించాడు. ఆవిడ రెండు చేతులతో అందుకుంది. వాళ్లు ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడేదంతా ముందే, పశువులూ వానలూ అంటూ, అయిపోయింది కాబోలు.

అప్పటికే ఆవిడ కప్పులో బెరెకా పోసేశాను. నేను తాగలేదు, పారబొయ్యలేదు. బస్సు వెళ్లాక తెక్లాయ్ వచ్చి కూర్చుని ఆ కప్పు తీసుకుని తాగాడు.

ఉపవాసాలు మొదలయ్యాయి. మాంసం కొట్టుకు గుడ్డ కట్టేశాం. తిహ్లోలోకి మాంసం మాని శనగపిండి పులుసు చేశాను. ఆవిడ రాలేదు. నూర్పిళ్లలో ఉందని దెస్బెలె చెప్పాడు. ఆవిడకు ఫోను లేదు. అక్కడ ఫోను సంపాదించడం అంత సులువు కాదు.

తర్వాత దెస్బెలె మొహంలో నవ్వు తగ్గింది. “దాటాలంటే కాగితం కావాలంటున్నారక్కా,” అన్నాడు ఒక వారం. “ఏం కాగితమో వాళ్లకూ తెలియదు.” తర్వాతి సోమవారం బస్సు రాలేదు. దారికి అడ్డంగా సైనికులు నిలబడ్డారని లారీవాళ్లు చెప్పారు. ఎందుకు మూశారో చెప్పినవాళ్లు లేరు. ఎందుకు తెరిచారో మాత్రం ఎవరు చెప్పారు?

బజారులో ఉల్లిపాయలు మళ్లీ దొరకడం మొదలైంది.

ఆ వారమే తెక్లాయ్‌కు ఆవిడ అన్న మాట చెప్పాను. ఆయన తాడు పేనుతున్నాడు. పేనడం ఆపాడు.

“నన్నొకసారి చంపింది చాలలేదా, తనను కూడానా,” అన్నాడు. నవ్వుదామని అన్నాడు గాని నవ్వు రాలేదు. “నువ్వేమంటావు అల్గా?”

“నువ్వే చెప్పు.”

“నా నోటితో ఆ మాట రాదు. నీ నోటితో వస్తే నేను కాదనను. ఇన్నేళ్లు నా మూలంగా నువ్వు బయట నిలబడ్డావు. అది నాకు తెలుసు.”

ఆ మాట ఆయన అంతకు ముందెప్పుడూ అనలేదు. నేను లేచి కుంపటిలో బొగ్గులు వేశాను.

క్రిస్మస్‌కు ముందు కెషి వొల్దు తీర్థం చల్లడానికి వచ్చాడు. మధ్యాహ్నం తిరిగింది. హాలులో ఎవరూ లేరు. నాలుగు మూలలా చల్లి, మాంసం మొద్దు మీద కూడా రెండు చుక్కలు వేశాడు. మేమిద్దరం ఆయన చేతిలోని సిలువను ముద్దుపెట్టుకున్నాం. కుంపటి దగ్గర కూర్చోబెట్టి మొదటి కప్పు ఇచ్చాను, రెండోది ఇచ్చాను. అప్పుడు అడిగాడు, ఎప్పటిలాగే.

“మూడు నెలలు దారి తెరిచి ఉంది కదా తల్లీ. ఏమన్నా కబురు తెలిసిందా? ఉందా, పోయిందా?”

తెక్లాయ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆయన వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. బయట ఎండ బావుంది. క్రిస్మస్ రోజున వేసుకోవడానికని ఉతికిన నా తెల్ల పైబట్ట తీగ మీద ఆరుతోంది. ఒక్క మాట. ఆ మాట అంటే నేను దాన్ని కప్పుకుని లోపలికి వెళతాను. ఆవిడ ఇచ్చిన మాటే. ఆవిడ నోటి దగ్గర పట్టిన ముద్దను మర్యాదగా తీసుకున్నదాన్ని, ఈ ముద్దను ఎందుకు తీసుకోలేకపోతున్నాను?

“ఉంది తండ్రీ,” అన్నాను.

కెషి వొల్దు కప్పు కింద పెట్టాడు. “రూఢిగా తెలుసా?”

“ఈ పీట మీదే కూర్చుంది. నా చేతి తిహ్లో తింది.”

ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. మంచి మనిషి. నాకోసం ఏదైనా దారి ఉంటే వెతికేవాడే. వెతుకుతున్నాడు కూడా, మొహంలో తెలుస్తోంది. దొరకలేదు.

“అయితే క్రిస్మస్‌కు...”

“గోడ దగ్గరే నిలబడతాను తండ్రీ. అలవాటైన చోటే.”

గుమ్మం దగ్గర తెక్లాయ్ కదల్లేదు. చేత్తో మాత్రం తలుపు చట్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు, ఎడమచేత్తో.

“ఒకటి అడగనా?” అన్నాను. “పూజలో పేర్లు చదువుతారు కదా. బతికున్నవాళ్లలో ఒక పేరు చేర్చండి.”

“ఎవరి పేరు?”

“అక్బెరెత్.”

కెషి వొల్దు నన్నూ చూశాడు, గుమ్మంలోని వీపునూ చూశాడు. తల ఊపాడు. పేరు చదివేటప్పుడు వరస కూడా అడుగుతారు. అందుకని అడిగాడు.

“నీకేమవుతుంది?”

“అక్క,” అన్నాను.

ఆయన సిలువ తీసుకుని లేవబోయాడు. కూజా మూతి దగ్గర మూడో పొంగు అప్పుడే పైకి వస్తోంది.

“కూర్చోండి తండ్రీ. బెరెకా తాగకుండా వెళ్లకూడదు.”